టీకా వేయించుకోలేదని సేవలు నిరాకరించవచ్చా?

బిడ్డను తెచ్చినా, ముసలివారిని తెచ్చినా, చీటీ రాసే దగ్గర నుండి డాక్టరుగారి గది వరకు ఆసుపత్రిలో మిమ్మల్ని ఒకే ప్రశ్న రెండు మూడుసార్లు అడుగుతారు. “టీకాలు వేయించారా?” అని. సీతారామపురం, మర్రిపాడు, వరికుంటపాడు వైపు పల్లెల నుండి వచ్చే తల్లులు కొందరు ఈ ప్రశ్న వినగానే తల వంచుకుని, “వేయించామమ్మా, కార్డు ఇంటికాడ ఉండాది” అంటారు. నిదానంగా మళ్ళీ అడిగితే అసలు కార్డే లేదని తెలుస్తుంది. అలా ఎందుకు చెప్పావమ్మా అంటే, లేదంటే తిడతారేమో, చూడకుండా పంపేస్తారేమో అని భయపడ్డామంటారు.

ఈ భయాన్ని తేలికగా తీసిపారేయడానికి లేదు. కోవిడ్ రోజుల్లో టీకా సర్టిఫికెట్ లేకపోతే రేషను ఉండదు, పింఛను ఆపేస్తారు, పనిలోకి రానివ్వరు అనే మాటలు ఊరూరా తిరిగాయి. వాటిలో కొన్ని పుకార్లు, కొన్ని నిజంగా జారీ అయిన ఉత్తర్వులు. ఏది నిజమో ఏది కాదో చెప్పేవారు తక్కువ. ఆ మాటలు మనసులో మిగిలిపోయి, ఇప్పుడు మామూలు రోగంతో వచ్చినా నిజం చెప్పనివ్వడం లేదు. అందువల్ల ఈ విషయంలో చట్టం ఏమంటుందో, కోర్టు ఏమన్నదో రోగుల బంధువులైన మీరు తెలుసుకోవడం అవసరం.

కోవిడ్ కాలంలో ఏమి జరిగింది?

మన దేశంలో కోవిడ్ టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. మొదట వైద్య సిబ్బందికి, తరువాత వృద్ధులకు, ఏప్రిల్ 1 నుండి 45 ఏళ్ళు దాటినవారందరికీ, మే 1 నుండి 18 ఏళ్ళు దాటినవారికీ వేయాలని కేంద్రం ప్రకటించింది. ప్రకటించడం వేరు, దొరకడం వేరు. ఆ ఏప్రిల్, మే నెలల్లో టీకా కోసం తెల్లవారుజామునే వచ్చి వరుసలో నిలబడి, మందు అయిపోయిందని ఉత్త చేతులతో తిరిగి వెళ్ళినవారు ఎందరో. అదే మే నెలలో మన జిల్లాలోని కృష్ణపట్నానికి నాటుమందు కోసం జనం వేల సంఖ్యలో వెళ్ళారు. ప్రాణభయంతో ఉన్నవాడు ఏది ముందు దొరికితే దాని దగ్గరికి పరుగెత్తుతాడు. ఆ జనాన్ని చూసి నవ్వినవారు ఈ సంగతి ఆలోచించలేదు. జూన్ వచ్చేసరికి సరఫరా మెరుగుపడింది. 2021 జూన్ 20న ఒక్క రోజులోనే ఆంధ్రప్రదేశ్‌లో 13 లక్షలకు పైగా టీకాలు వేశారు.

ఇంకొక సంగతి చాలామంది మరచిపోయారు. గర్భిణీ స్త్రీలకు కోవిడ్ టీకా వేయడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది 2021 జూలై 2న. అంతవరకు ఒక గర్భిణి టీకా వేయించుకోలేదంటే అది ఆమె మొండితనం కాదు, ప్రభుత్వమే వద్దన్నది. మంచం దిగలేని ముసలివారికి ఇంటికి వెళ్ళి టీకా వేసే ఏర్పాటును ఆ సంవత్సరం సెప్టెంబరులో గానీ కేంద్రం ప్రకటించలేదు. కనుక “టీకా వేయించుకోనివారు” అని ఒకే గాటన కట్టిన జనంలో భయపడినవారు, నమ్మకం లేనివారు, అందనివారు, వేయకూడదని డాక్టరు చెప్పినవారు అందరూ ఉన్నారు. శిక్ష వేసేటప్పుడు మాత్రం ఈ తేడా ఎవరూ చూడలేదు.

కొన్ని రాష్ట్రాలు గట్టి ఆంక్షలే పెట్టాయి. మహారాష్ట్రలో 2021 ఆగస్టు 15 నుండి ముంబయి లోకల్ రైళ్ళలో రెండు డోసులు పూర్తయినవారినే ఎక్కనిచ్చారు. తమిళనాడులోనూ టీకా లేనివారిని జనం గుమిగూడే చోట్లకు రానివ్వకూడదనే ఉత్తర్వులు వచ్చాయి. పక్కనే తెలంగాణలో 2021 అక్టోబరు చివర, నవంబరు 1 నుండి టీకా వేయించుకోనివారికి రేషను, పింఛను నిలిపివేస్తారని వార్త వచ్చింది. ఆ వార్త నిజం కాదని అక్కడి ప్రజారోగ్య శాఖ సంచాలకులు ప్రకటించవలసి వచ్చింది. అయితే పుకారు నడిచినంత వేగంగా దాని ఖండన నడవదు. ఖండన చేరని గుడిసెలు ఎన్నో ఉండి ఉంటాయి.

మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుండి కువైట్‌కు పనికి వెళ్ళిన కుటుంబాలకు ఇంకొక రకమైన చిక్కు వచ్చింది. 2021 ఆగస్టు నుండి కువైట్ తాను గుర్తించిన టీకాలు వేయించుకున్నవారినే తిరిగి రానిచ్చింది. ఆ జాబితాలో ఆస్ట్రాజెనెకా ఉంది కనుక కోవిషీల్డ్ వేయించుకున్నవారికి దారి దొరికింది. మన హైదరాబాదులోనే తయారైన కొవాగ్జిన్ అప్పటికి ఆ జాబితాలో లేదు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి 2021 నవంబరు 3న గానీ రాలేదు. అంటే రెండు డోసులూ బుద్ధిగా వేయించుకున్న మనిషి కూడా అక్కడి లెక్కలో టీకా లేనివాడే. పరాయి దేశం తన సరిహద్దులో పెట్టే షరతుకు మన కోర్టులు, మన చట్టాలు అడ్డు చెప్పలేవు. ఈ వ్యాసంలో మిగతాదంతా మన దేశం లోపలి సంగతి.

సుప్రీంకోర్టు ఏమి చెప్పింది?

డాక్టర్ జేకబ్ పులియెల్ అనే పిల్లల వైద్యుడు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022 మే 2న తీర్పు ఇచ్చింది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులు ఎల్. నాగేశ్వరరావుగారు, బి.ఆర్. గవాయ్‌గారు. నాగేశ్వరరావుగారు గుంటూరు కోర్టులో వకీలుగా వృత్తి మొదలుపెట్టిన మన తెలుగువారే.

మరునాడు పత్రికల్లో “టీకా తప్పనిసరి కాదు” అన్న శీర్షిక ఒక్కటే పెద్ద అక్షరాల్లో వచ్చింది. తీర్పులో అంతకంటే ఎక్కువ ఉంది. శీర్షిక చదివి ఆగిపోతే సగమే తెలిసినట్టు.

మొదటి మాట: రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రకారం ప్రతి మనిషికీ తన శరీరం మీద హక్కు ఉంది, కాబట్టి ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదు. చేయి పట్టుకుని సూది గుచ్చడం కుదరదని దీని అర్థం.

రెండవ మాట దీనికి ఎదురుగా కనిపిస్తుంది కానీ ఎదురు కాదు. అందరి ఆరోగ్యం కోసం ప్రభుత్వం వ్యక్తుల హక్కుల మీద కొన్ని పరిమితులు పెట్టవచ్చునని కోర్టు ఒప్పుకుంది. అయితే 2017లో పుట్టస్వామి కేసులో చెప్పిన మూడు పరీక్షలకు ఆ పరిమితి నిలబడాలి. దానికి చట్టం ఆధారం ఉండాలి. నిజమైన అవసరం ఉండాలి. పెట్టిన ఆంక్ష ఆ అవసరానికి తగినంతే ఉండాలి, మించకూడదు. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టకూడదని మన పెద్దలు అనే మాటే ఈ మూడవ పరీక్ష.

మూడవ మాట అసలైనది. టీకా వేయించుకున్నవారి నుండి కూడా కోవిడ్ దాదాపు అంతే స్థాయిలో ఇతరులకు అంటుకుంటోందని పిటిషనరు ఆధారాలు చూపించారు. దానికి విరుద్ధమైన సమాచారాన్ని కేంద్రం గానీ రాష్ట్రాలు గానీ కోర్టు ముందు పెట్టలేదు. అటువంటప్పుడు టీకా లేనివారిని మాత్రమే బయట నిలబెట్టడం తగిన చర్య కాదని కోర్టు తేల్చింది. వ్యాధి తక్కువగా ఉన్నంతకాలం అలాంటి ఉత్తర్వులు ఉంటే పునఃపరిశీలించమని ప్రభుత్వాలకు, ప్రైవేటు సంస్థలకు, విద్యాసంస్థలకు సూచించింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఇది కోవిడ్‌కు, ఆనాటి పరిస్థితికి సంబంధించిన తీర్పు అని కోర్టే చెప్పింది. అన్ని టీకాలకూ, అన్ని కాలాలకూ దీన్ని అలాగే అతికించరాదు. రెండవది, పునఃపరిశీలించమన్నది సూచన. మాస్కు, దూరం వంటి ఇతర జాగ్రత్తలను తీర్పు ముట్టుకోలేదు. కేంద్రం టీకా విధానాన్నీ తప్పుపట్టలేదు. టీకా పనికిరాదని కోర్టు చెప్పిందని ఎవరైనా మీతో అంటే వారు తీర్పు చదవలేదని అర్థం. టీకా వల్ల ఏమైనా ఇబ్బంది వస్తే ప్రజలే తెలియజేసే ఏర్పాటు ఉండాలని, ఆ వివరాలు వ్యక్తుల పేర్లు బయటపెట్టకుండా ప్రచురించాలని కూడా ఆదేశించింది. నమ్మకం పెరిగే దారి అదే.

ఈ తీర్పుకు ముందే, 2022 జనవరిలో, సమ్మతి లేకుండా ఎవరికీ టీకా వేయమని తాము చెప్పలేదని, ఏ పనికైనా సర్టిఫికెట్ తప్పనిసరి అని తాము నియమం పెట్టలేదని కేంద్ర ఆరోగ్య శాఖ సుప్రీంకోర్టుకు రాతపూర్వకంగా తెలిపింది. పల్లెల్లో జనం వణికిపోయిన నియమం ఢిల్లీలో అసలు లేనే లేదన్నమాట.

మన రాష్ట్రంలో దీనికి చట్టం ఉందా?

టీకా వేయించుకోలేదనే కారణంతో వివక్ష చూపరాదని ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకంగా చట్టమేదీ చేయలేదు. చేసే అధికారం మాత్రం ఉంది. ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని విషయం.

మన దేశంలో ఒకప్పుడు చేసిన పాత చట్టాలు రెండవ వైపు నుండి వచ్చినవి. అవి టీకా వేయడానికి అధికారం ఇచ్చాయి గానీ వేయించుకోనివారికి రక్షణ ఇవ్వలేదు. 1880 నాటి టీకాల చట్టం మునిసిపాలిటీల్లో మశూచి టీకాను తప్పనిసరి చేయడానికి వీలు కల్పించింది. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు వచ్చిన 1939 ప్రజారోగ్య చట్టం కూడా అటువంటి అధికారమే ఇచ్చింది. “అమ్మవారు పోసింది” అని చెప్పుకునే ఆ జబ్బుకు టీకాలు వేసే మనిషి ఊళ్ళోకి వస్తున్నాడంటే పిల్లలను గడ్డివాముల వెనక దాచిన కథలు ఇప్పటికీ అవ్వలు చెబుతారు. వారి జబ్బల మీద మచ్చలూ ఉన్నాయి. మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. టీకా లేకపోతే అది పోయేది కాదు. కానీ దాన్ని తరిమినది భయపెట్టడం ఒక్కటే కాదు. చివరి సంవత్సరాల్లో ఇంటింటికీ తిరిగి రోగిని వెతికి, చుట్టుపక్కలవారికి వెంటనే టీకా వేసిన పద్ధతి ఎక్కువ పని చేసింది.

ఆరోగ్యస్థితిని బట్టి వివక్ష చూపరాదనే చట్టం ఎలా ఉంటుందో చూడాలంటే హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఉంది. 2017లో చేసిన ఈ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. హెచ్.ఐ.వి. ఉందని వైద్యం నిరాకరించరాదు, ఉద్యోగం తీసివేయరాదు, బిడ్డను బడి నుండి పంపరాదు, ఇల్లు అద్దెకు ఇవ్వనని అనరాదు. సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు. ఇంత స్పష్టమైన రాత టీకా విషయంలో మనకు లేదు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అలాంటి చట్టం చేశాయి. మోంటానా రాష్ట్రం 2021 మే నెలలో, టీకా ఉందా లేదా అనేదాన్ని బట్టి ఉద్యోగంలో గానీ సేవల్లో గానీ తేడా చూపరాదని శాసనం చేసింది. బడులకు, పసిపిల్లలను చూసుకునే కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. అక్కడి డాక్టర్లే దానిమీద కోర్టుకు వెళ్ళారు. బలహీనంగా ఉన్న రోగుల మధ్య పనిచేసే సిబ్బందికి ఏ టీకాలు ఉన్నాయో చూసుకోకుండా ఆసుపత్రి నడపడం ఎలాగన్నది వారి ప్రశ్న. 2022లో కింది కోర్టు ఆసుపత్రుల వరకు చట్టాన్ని ఆపింది. 2024లో పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. డాక్టర్ల ప్రశ్నలో న్యాయం ఉందని నా అభిప్రాయం. రోగిని కాపాడే నియమం, రోగిని తరిమే నియమం ఒకటి కావు. చట్టం రాసేవారు ఈ తేడా చూసుకోవాలి.

ప్రత్యేక చట్టం లేదని మనం నిస్సహాయులం కాదు. రేషను 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు, అందులో టీకా షరతు లేదు. 6 నుండి 14 ఏళ్ళ పిల్లల చదువు 2009 విద్యాహక్కు చట్టం ఇచ్చిన హక్కు. వయసు రుజువు కాగితం లేదని కూడా బిడ్డను చేర్చుకోకుండా ఉండరాదని ఆ చట్టం చెబుతుంది, టీకా కార్డు ఊసే అందులో లేదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వెంటనే వైద్యం చేయడం ప్రతి డాక్టరు బాధ్యత అని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2021 మే 8న, కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడే, ఏ కారణం చేతనూ రోగికి సేవ నిరాకరించరాదని, పాజిటివ్ రిపోర్టు లేకపోయినా, గుర్తింపు కార్డు లేకపోయినా చేర్చుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ ఆదేశించింది.

అడగడం వివక్ష కాదు

ఇక మీరు ముఖ్యంగా గమనించవలసిన సంగతికి వద్దాం. టీకా వేయించారా అని డాక్టరు అడగడం మిమ్మల్ని పంపేయడానికి కాదు. మీరు చెప్పే జవాబును బట్టి చేసే వైద్యమే మారిపోతుంది.

కుక్కకాటు తీసుకోండి. ఇంతకుముందు రేబీస్ టీకాల కోర్సు పూర్తిగా వేయించుకున్న మనిషిని మళ్ళీ కుక్క కరిస్తే రెండే సూదులు చాలు, మొదటిరోజు ఒకటి, మూడు రోజుల తరువాత ఒకటి. ఎన్నడూ వేయించుకోనివారికి పూర్తి కోర్సు కావాలి. రక్తం వచ్చిన కాటు అయితే గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. వేయించుకోకుండానే “అప్పుడే వేయించామండీ” అని భయపడి చెబితే, ఆ మందు ఇవ్వకుండా పోతుంది. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషిని కాపాడే మందు లేదు. ఒక్క అబద్ధం ఖరీదు అక్కడ ప్రాణం.

పొలంలో పారతో కాలు తెగినా ఇదే లెక్క. ధనుర్వాతం టీకాలు చిన్నప్పటి నుండి సరిగా పడినవారికి సరిపోయేది, అసలు పడనివారికి సరిపోదు. మట్టి పట్టిన లోతు గాయమైతే వారికి టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా కావాలి. గొంతు వాచి, తెల్లటి పొర కట్టి, ఊపిరి ఆడక వచ్చిన బిడ్డకు టీకాలు పడలేదని తెలిస్తే డాక్టరు వెంటనే కంఠసర్పిని అనుమానిస్తారు. దానికి విరుగుడు మందు ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. గంటలు లెక్క పెట్టుకునే జబ్బు అది. జ్వరంతో ఒళ్ళంతా పేలిన బిడ్డకు తట్టు టీకా పడలేదంటే, పక్క మంచాల్లో ఉన్న పసివాళ్ళకు అంటకుండా వేరే గదిలో ఉంచుతారు. బిడ్డను వేరుగా ఉంచారని బాధపడకండి. అది వెలివేయడం కాదు, వైద్యంలో భాగం. డయాలిసిస్‌కు వచ్చేవారిని హెపటైటిస్ బి టీకా గురించి అడగడం కూడా ఇందుకే. అక్కడ రక్తంతో పని.

అలాగే పురిటి వార్డులోకి దగ్గు, జ్వరం ఉన్న బంధువులను రానివ్వకపోవడం అందరికీ ఒకేలా వర్తించే నియమం. దానికి టీకా సర్టిఫికెట్‌తో సంబంధం లేదు.

టీకా పడలేదని చెప్పినప్పుడు ఎవరైనా మిమ్మల్ని నలుగురిలో చులకన చేసి మాట్లాడితే అది తప్పే. డాక్టరయినా, నర్సయినా, ఆయా అయినా. ఆ మాట పడిన తల్లి మరుసటిసారి ఆసుపత్రికే రాదు, లేదా వచ్చి అబద్ధం చెబుతుంది. సమ్మతి అడగడం కూడా మర్యాదలో భాగమే. 2017లో తట్టు, రుబెల్లా టీకాలు బడుల్లో వేసినప్పుడు మన రాష్ట్రంలోనూ కొందరు తల్లిదండ్రులు అనుమానపడ్డారు. అదే కార్యక్రమం ఢిల్లీలో తలపెట్టినప్పుడు, తల్లిదండ్రులకు మంచిచెడ్డలు వివరించి వారి సమ్మతి తీసుకున్న తరువాతే వేయాలని 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. టీకా మంచిదని నమ్మే మేము కూడా ఆ తీర్పు సరైనదే అంటాము. వివరించి చెబితే మన తల్లులు కాదనరు.

నిరాకరిస్తే ఏమి చేయాలి?

రేషను డిపోలో గానీ, పింఛను దగ్గర గానీ, బడిలో గానీ, పనిచేసే చోట గానీ టీకా లేదని కాదంటే, ముందు పోట్లాటకు దిగవద్దు. ఏ ఉత్తర్వు ప్రకారం కాదంటున్నారో కాగితం మీద రాసి ఇవ్వమని నెమ్మదిగా అడగండి. చాలా చోట్ల వ్యవహారం ఇక్కడే తేలిపోతుంది, ఎందుకంటే లేని ఉత్తర్వును ఎవరూ రాసి ఇవ్వలేరు. తేదీ, చెప్పినవారి పేరు, హోదా మీ దగ్గర రాసిపెట్టుకోండి.

రేషను సంగతి అయితే 1967 నంబరుకు గానీ తహశీల్దారుకు గానీ చెప్పండి. ఆసుపత్రి సంగతి అయితే అక్కడి పెద్ద డాక్టరుకు, అక్కడ తేలకపోతే నెల్లూరులోని జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి అర్జీ రాయండి. మిగతా విషయాలకు ఆత్మకూరు ఆర్డీవో కార్యాలయం ఉంది, సోమవారం కలెక్టరుగారి అర్జీల దినం ఉంది. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోండి. కోర్టు దాకా వెళ్ళవలసి వస్తే న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

టీకాలు పడని బిడ్డ ఇంట్లో ఉంటే బుధ, శనివారాల్లో మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి గానీ అంగన్‌వాడీకి గానీ తీసుకువెళ్ళండి. ఆలస్యమైందని మొహమాటపడవద్దు. తప్పిపోయిన టీకాల్లో చాలావరకు పెద్ద వయసులో కూడా వేయవచ్చు, మొదటి నుండి మళ్ళీ మొదలుపెట్టవలసిన పని లేదు, ఆగిన చోటు నుండి వేస్తారు. కార్డు పోయిందంటే ఏ.ఎన్.ఎం. దగ్గరున్న రిజిస్టరులో చూసి కొత్తది రాసిస్తారు. రిజిస్టరులోనూ దొరకకపోతే, గుర్తున్నంతవరకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏమి వేయాలో ఆమె చూసుకుంటుంది.